ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్: బడి, ఇల్లు, చర్చి మధ్య మళ్లీ రాయడం మొదలుపెట్టిన టీచర్ రివ్యూ

తెలుగులో మాట్లాడుతుంటే ఫోనే అక్షరాలు రాసుకుంటూ పోతుంది కదా, ఆ వాయిస్ టైపింగ్ గురించే ఈ రివ్యూ. కొత్త సంగతేం కాదు, వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపడానికి చాలామంది వాడుతూనే ఉన్నారు. కానీ ఒక పేజీ, రెండు పేజీలు, అదీ మనసులో మాట నలుగురూ చదివేలా రాయడానికి పనికొస్తుందా అని అడిగితే నాకు సరైన జవాబు చెప్పినవాళ్లు లేరు. అందుకే బాగా వాడి చూసి రాస్తున్నాను. ఉద్యోగం, పిల్లలు, చర్చి పనుల మధ్య రాయడం ఆగిపోయిన ఆడవాళ్ల కోసం ముఖ్యంగా. ముందే చెప్పేస్తా: చిత్తుగా రాసుకోవడానికి ఇది చాలా మంచిది, ఇది లేకపోతే నేను మళ్లీ రాసేదాన్నే కాదు. అయితే మన రాయలసీమ మాట దీనికి పట్టుబడదు. ఆ విషయంలో నాకు గట్టి ఫిర్యాదే ఉంది.

నా సంగతి కొంచెం చెప్పాలి, ఎవరు ఏ పరిస్థితిలో వాడుతున్నారో తెలియకపోతే రివ్యూకు అర్థం ఉండదు. మేముండేది కడపలో. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను, బడి రాయచోటి దారిలో, గువ్వలచెరువు ఘాట్ దాటాక. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, చిన్నోడు మూడో తరగతి. ఆదివారం పొద్దున సండే స్కూలు, తర్వాత ఆరాధన, సాయంత్రం ఎవరింట్లోనో ప్రార్థన కూడిక. బీఈడీ చదివే రోజుల్లో బాగా రాసేదాన్ని, పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు ఆన్‌లైన్‌లో రాశాను, మా ఊరి గురించి, క్లాసులో పిల్లల మాటల గురించి, నా విశ్వాసం గురించి. చిన్నోడు పుట్టాక అదంతా ఆగిపోయింది. రాయాలని లేక కాదు. బడిలో పరీక్షల మార్కులు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం ఫొటోలు పెట్టాలి, ఇంటికి తెచ్చిన నోటు పుస్తకాలు దిద్దాలి, పిల్లల హోంవర్కు, వంట, కుటుంబ ప్రార్థన, అన్నీ అయ్యాక కూర్చుని టైప్ చేద్దామంటే వేళ్లు కదలవు, కళ్లు మూతలు పడతాయి. ఇది బద్ధకం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. టీచరు ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచే ఏ తల్లినైనా అడగండి.

కాబట్టి నాకు కావలసింది చేతులు ఖాళీ లేనప్పుడు కూడా రాయగలిగే సాధనం. ఫోన్‌తో పాటు వచ్చిన కీబోర్డులోనే మైకు గుర్తు ఉంటుంది, సెట్టింగుల్లో భాష తెలుగు పెట్టుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే మా ఇంట్లో వేరే వేరే ఫోన్లలో కూడా చూశాను, కాస్త అటూ ఇటూగా ఇవే మంచీ చెడూ కనిపించాయి.

నేను ఎక్కువగా వాడేది మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు. ఫోన్ పిట్టగోడ మీద పెట్టి నోట్స్ యాప్ తెరిచి మాట్లాడతాను. గాలి మరీ ఎక్కువ లేకపోతే రెండు బారల దూరం నుంచి కూడా పట్టేస్తుంది. వంటింట్లో మాత్రం కష్టం. కుక్కర్ విజిల్ వస్తే అక్కడితో ఆగిపోతుంది, మిక్సీ గురించి చెప్పనే అక్కర్లేదు, సంగటి కెలికేటప్పుడు మాత్రం చప్పుడుండదు కాబట్టి పనవుతుంది. బస్సులో నోటితో చెప్పను. మనసులో మాటలు పల్లెవెలుగు బస్సులో పక్కవాళ్లు వినేలా చెప్పడం నాకు ఇష్టం లేదు. పైగా ఘాట్‌లోకి వచ్చేసరికి సిగ్నల్ పోతుంది, నెట్ లేకపోతే నా ఫోన్‌లో తెలుగు మైకు పని చేయదు. బస్సులో అందుకే చెప్పడం మానేసి దిద్దడం పెట్టుకున్నాను. పొద్దున మిద్దె మీద చెప్పింది బస్సులో దిద్దుతాను. ఈ పద్ధతి కుదిరాకే నాకు రాయడం నిలబడింది. చెప్పే వేళ ఒకటి, దిద్దే వేళ ఒకటి అని విడదీయండి, రెండూ ఒకేసారి పెట్టుకుంటే విసుగొచ్చి వదిలేస్తారు.

మామూలు వ్యవహార భాషలో, తొందర పడకుండా, వాక్యం మొత్తం మనసులో అనుకుని చెబితే చాలా బాగా రాస్తుంది. నేను ఊహించినదానికన్నా బాగా. ‘మా బడి ముందర వేపచెట్టు కింద కూర్చుని పిల్లలు అన్నం తింటున్నారు’ లాంటి వాక్యం ఒక్క అక్షరం తప్పు లేకుండా వచ్చింది. ఇంగ్లిషు మాటలు కలిపినా తికమక పడదు, టెన్షన్, ప్రిన్సిపల్, రికార్డ్ అన్నీ తెలుగు అక్షరాల్లోనే వేస్తుంది. ఆలోచించుకోవడానికి కొద్దిసేపు ఆగితే మాత్రం మైకు ఆరిపోతుంది, మళ్లీ నొక్కాలి. చేతికి తడి ఉన్నప్పుడు ఇదొక్కటే చికాకు. ఇంకొకటి, చుక్కలు, కామాలు పెట్టదు. నోటితో ‘ఫుల్‌స్టాప్’ అంటే ఆ మాటనే అక్షరాల్లో రాసిపెడుతుంది. పేరా అంతా ఒకటే ధారగా ఉంటుంది, ఎక్కడ ఆపాలో మనమే చూసుకోవాలి. అందుకే చెప్పిన రోజే దిద్దుకోవాలి, వారం తర్వాత చూస్తే మన వాక్యమే మనకు అర్థం కాదు.

చర్చి మాటల దగ్గరికి వద్దాం, నాకు ఇది ముఖ్యం. యోహాను, పౌలు, మరియ, దావీదు లాంటి పేర్లు తడబడకుండా వస్తాయి. నెహెమ్యా అంటే రెండు ముక్కలుగా విరిచేస్తుంది. హబక్కూకు రానే రాలేదు, ఎన్నిసార్లు చెప్పినా ఏదో కొత్త మాట. థెస్సలొనీకయులకు అని చెప్పే ప్రయత్నం చేయకండి, చేత్తో కొట్టుకోవడమే నయం. ‘యేసు’ అని పలికితే ‘ఏసు’ అని వేస్తుంది, నేను ప్రతిసారీ మార్చుకుంటాను. ‘ప్రార్థన’కు ధ ఒత్తు పెట్టి ‘ప్రార్ధన’ అని సూచిస్తుంది, జనం చాలామంది అలాగే కొడతారు కాబట్టి దానికీ అదే అలవాటై ఉంటుంది. తెలుగు టీచరుగా నేను దాన్ని వదలలేను. క్లాసులో పిల్లల చేత దిద్దించేది ఇదే అక్షరం.

ఇక నేను మళ్లీ రాయడానికి అసలు కారణమైన పని, ఈ వాయిస్ టైపింగ్‌కు నేను పెట్టిన పెద్ద పరీక్ష కూడా అదే. మా జేజి, అంటే నాన్నమ్మ, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో బైబిలు స్త్రీగా తిరిగింది. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు. మిషన్ రోజుల నుంచి మన క్రైస్తవ సంఘాల్లో ఉన్న పని అది, ఇంటింటికీ నడిచి వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, చదువు రానివాళ్లకు అక్షరాలు నేర్పడం, జబ్బుగా ఉన్నవాళ్లను క్యాంబెల్ ఆసుపత్రికి పొమ్మని ఒప్పించి పంపడం. లండన్ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన ఆ ఆసుపత్రి మీదే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆధారపడేవి. జేజి రాత్రిపూట ఒక నోటు పుస్తకంలో ఆ రోజు ఎక్కడికి పోయింది, ఎవరి కోసం ప్రార్థన చేసింది రాసుకునేది. పెద్దగా చదువుకున్న మనిషి కాదు, మాట్లాడినట్టే రాసింది. ఆ పుస్తకం మా నాన్న బీరువాలో ఉండి నా దగ్గరికొచ్చింది. కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, పెన్సిల్‌తో రాసిన పేజీలు వెలిసిపోతున్నాయి. ఫొటో తీసి అక్షరాలుగా మార్చే సౌకర్యం కూడా ప్రయత్నించాను, అచ్చు పుస్తకమైతే బాగానే చదువుతుంది గానీ ఈ చేతిరాత దగ్గర దానికి ఏమీ తోచలేదు. దాంతో నేనే గట్టిగా చదివి ఫోన్‌కు వినిపించడం మొదలుపెట్టాను. చూసి చదివితే ఆలోచించుకునే పని లేదు, మైకు మధ్యలో ఆగదు, పని వేగంగా సాగుతుంది. పాత ఉత్తరాలు, డైరీలు ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, ఈ ఒక్క పనికైనా వాయిస్ టైపింగ్ వాడండి.

కానీ ఏమవుతుందో చూడండి. జేజి రాసింది: ‘ఈ పొద్దు ఏటి గట్టు పల్లెకు పోతిమి. బిడ్డకు జొరం. ప్రార్థన చేస్తిమి. జొన్నరొట్టె పెట్టిరి.’ నేను ఉన్నదున్నట్టు చదివితే ఫోన్‌లో ‘పోతిమి’ కాస్తా ‘పోతే మీ’ అయింది, ‘చేస్తిమి’ కాస్తా ‘చేస్తే మీ’ అయింది, ‘జొరం’ మాత్రం తనంతట తానే ‘జ్వరం’గా మారిపోయింది. నేను మా ఇంటి మాటలో ‘యాడికి పోతాండావు’ అంటే వేరే ఏదో వస్తుంది, ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అంటే అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. అంటే దానికి వినికిడి లోపం ఏమీ లేదు, సీమ మాటలు దానికి నేర్పలేదు, అంతే. టీవీ తెలుగు, పత్రికల తెలుగు వినీ వినీ నేర్చుకున్నట్టుంది. దీనివల్ల నష్టం చిన్నదేం కాదు. నేను జాగ్రత్తగా చూడకపోతే జేజి రాసిన మాటలు పోయి, ఎవరో చదువుకున్నామె రాసిన మాటలు మిగులుతాయి. అప్పుడు అది జేజి పుస్తకం ఎందుకవుతుంది?

ఇది కడపలో కూర్చుని చెప్తున్నాను కాబట్టి ఇంకా బాధ. ఈస్టిండియా కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ ఈ ఊళ్లోనే బంగళా కొని, సొంత డబ్బు పెట్టి పండితుల చేత, రాసిపెట్టే రాయసగాళ్ల చేత వేమన పద్యాలు, పాత కావ్యాలు ఎత్తి రాయించాడు. ఎర్రముక్కపల్లిలో ఇప్పుడు భాషా పరిశోధన కేంద్రం ఉన్న చోటే ఆ బంగళా ఉండేది. పెద్ద నిఘంటువు వేశాక కూడా ఆగక, పండితులు పక్కన పెట్టే వాడుక మాటలకు, ప్రభుత్వ కచేరీల్లో, అంటే ఆఫీసుల్లో వాడే మాటలకు, ఉర్దూ నుంచి కలిసిన మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు అని వేరేగా వేశాడు. అప్పుడు జీతమిచ్చి పెట్టుకునే రాయసగాడు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్‌లో ఊరికే దొరుకుతున్నాడు, కానీ మన ఊరి మాట వినిపిస్తే మార్చి రాస్తున్నాడు. ఇది సరిచేయాల్సిన లోపం.

అప్పటిదాకా నేను చేస్తున్నది చెప్తాను. యాస ఉన్న వాక్యాలు మైకుకు వదిలేయను, అక్కడ ‘యాస’ అని ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, దిద్దేటప్పుడు ఆ చోట వెతుక్కుని చేత్తో కొడతాను. జేజి, యాడికి, ఈ పొద్దు, చేస్తిమి లాంటివి కీబోర్డులోని సొంత పదాల జాబితాలో ఎక్కించుకున్నాను. మైకుకు దానివల్ల పెద్దగా ఉపయోగం కనిపించలేదు గానీ చేత్తో కొట్టేటప్పుడు రెండు అక్షరాలకే మాట పైకి వస్తుంది.

చేత్తో కొట్టడం ఎలా అన్నది కూడా చెప్పాలి. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి త్వరగా అలవాటవుతుంది, కంప్యూటర్ మీద అయితే అలా రాసే లేఖిని అనే వెబ్‌సైటు ఇప్పటికీ నాకు ఇష్టం. కానీ ఫోన్‌లో ఆ పద్ధతి ల-ళ, న-ణ, స-శ-ష దగ్గర తన ఇష్టం వచ్చింది ఎంచుకుంటుంది, మనం చూసుకోకపోతే ‘కళ’ కాస్తా ‘కల’ అయిపోతుంది. తెలుగు అక్షరాలే ఉండే కీబోర్డు పట్టీయే నేర్చుకోండి, మొదట కొన్నాళ్లు నిదానమే గానీ మనం కొట్టిందే పడుతుంది. నేను పూర్తిగా దానికే మారిపోయాను. బ్లూటూత్ కీబోర్డు కొనమని ఒకరిద్దరు చెప్పారు, పక్కన చిన్నోడు నిద్రపోతుంటే ఆ టకటక ఎవరు పడతారు, నేను కొనలేదు.

పాత రాతల సంగతి ఒకటి. బీఈడీ రోజుల్లో రాసినవి కొన్ని డీటీపీ సెంటర్‌లో కొట్టించి సీడీలో పెట్టుకున్నాను. ఇప్పుడు తెరిస్తే అన్నీ అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు. అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టేవి, ఆ ఫాంటు లేని చోట తెలుగు కనిపించదు. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక సంఖ్య కేటాయించిన ప్రపంచ పద్ధతి, అందులో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే సొంత స్థానం ఉంది. ఫోన్‌లో ఇప్పుడు మనం చెప్పినా కొట్టినా పడేది యూనికోడే కాబట్టి ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగే కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, వాటితో చాలావరకు దక్కించుకున్నాను, ఒత్తులు మాత్రం కూర్చుని సరిచేయాలి. మీకూ అలాంటి సీడీలు ఉంటే, చదివే డ్రైవు ఇంట్లో ఉండగానే బయటికి తీసుకోండి.

ఒక జాగ్రత్త, టీచర్లకు, చర్చిలో బాధ్యతలున్నవాళ్లకు. మనం మైకులో చెప్పేది చాలా ఫోన్లలో నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్లకు వెళ్లి అక్కడ అక్షరాలై తిరిగొస్తుంది. నెట్ లేకపోతే పని చేయకపోవడానికి కారణం అదే. కాబట్టి క్లాసులో పిల్లల అసలు పేర్లు, ఊరు, ఇంటి పరిస్థితులు నేను నోటితో చెప్పను, రాతలో ఎలాగూ పెట్టను. కూడికలో ఒక అక్క ఏడుస్తూ చెప్పుకున్న ప్రార్థన అవసరత నా రాతకు సరుకు కాదు, ఎంత మంచి సాక్ష్యమైనా ఆమే చెప్పమనాలి. నా పిల్లల గురించి రాసేది ముందు వాళ్లకు చదివి వినిపిస్తాను, పెద్దమ్మాయి వద్దంటే తీసేస్తాను. ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉండనే ఉంది, ప్రభుత్వ విధానాల మీద బహిరంగ విమర్శ కుదరదు, నేను ఆ జోలికి పోను. ఇన్ని పక్కన పెట్టాక రాయడానికి ఏం మిగులుతుంది అని మా చెల్లెలు అడిగింది. చాలా మిగులుతుంది. జేజి నడిచిన దారులున్నాయి, తెల్లవారుజామున ఈస్టర్ ఆరాధనకు చీకట్లో నడిచిపోయిన మా చిన్నతనం ఉంది, పద్యం ఒప్పజెప్పడానికి భయపడే పిల్లాడికి భయం పోయిన రోజుంది, అలసిపోయి ప్రార్థనలో మాట రాని రాత్రులు ఉన్నాయి. ఇవన్నీ నావి, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కంపెనీల వాళ్లు సీమ యాస ఎప్పుడు నేర్పుతారో అని కూర్చోవాల్సిన పని కూడా లేదు. మన భాషలను కంప్యూటర్లకు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి అనే వేదికలో ‘భాషాదాన్’ అని ఒకటి ఉంది, అందులో ‘బోలో ఇండియా’ భాగంలోకి వెళ్లి తెలుగు ఎంచుకుంటే తెర మీద వాక్యం వస్తుంది, దాన్ని మన గొంతుతో చదివి ఇవ్వొచ్చు. ‘సునో ఇండియా’లో విన్నది రాయొచ్చు. వాక్యాలు మామూలు తెలుగులోనే ఉంటాయి, నిజమే, కానీ పలికే తీరు మనది, కడప గొంతు, కర్నూలు గొంతు, అనంతపురం గొంతు అందులో చేరాలి. ఎక్కువగా ఆడవాళ్లవి, పెద్దవయసు వాళ్లవి చేరాలి, ఎందుకంటే పాత మాటలు వాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. మా చర్చి స్త్రీల సమాజంలో ఫోన్ బాగా వాడే అక్కలకు చూపించాను, మొదలుపెట్టారు. ఇది చదివినవాళ్లలో సీమవాళ్లుంటే ఈ రాత్రే ఒక పది వాక్యాలు చదివి ఇవ్వండి, ఇంట్లో అవ్వో జేజో ఉంటే ఆమె చేత కూడా చదివించండి.